అభ్యాసం కూసువిద్య – సి.పి. బ్రౌన్ జీవితం

అభ్యాసం కూసువిద్య అన్నది పెద్దల మాట. గట్టు మీద కూర్చుని ఈత నేర్చినవాడు లేనట్లే, ఇతరులు వ్రాసినదానిని వల్లెవేసి రచన నేర్చినవాడూ లేడు. అయినా వ్యాసం వ్రాయమనగానే మనకు ముందుగా స్ఫురించేది ఏదో ఒక పుస్తకంలో సిద్ధంగా ఉన్న వ్యాసమే. దానిని కంఠస్థం చేసి, పరీక్షలో అప్పగించి, మరునాటికి మరచిపోతాము. ఊరి బోరుబావి ఎండిపోయిన సంగతిని అధికారికి విన్నవిస్తూ పది పంక్తుల అర్జీ వ్రాయవలసివచ్చినప్పుడు మాత్రం కలం కదలదు. దూరాన ఉన్న స్నేహితునికి మన ఊరి తిరునాళ్ళను వర్ణించి వ్రాయాలంటే మాట తోచదు.

తెలుగును ద్వితీయభాషగా చదువుతున్న మీలో కొందరు ఇంట తెలుగు మాట్లాడేవారు. మరికొందరు ఇంట ఉర్దూనో కన్నడమో మాట్లాడి, బడిలో తెలుగు నేర్చినవారు. వ్రాత దగ్గరికి వచ్చేసరికి అందరి కష్టమూ ఒక్కటే. నోటికి వచ్చిన భాష చేతికి రాదు. ఈ కష్టాన్ని రెండు వందల ఏండ్ల క్రిందట మన రాయలసీమలోనే ఒక పరదేశి యువకుడు ఎదుర్కొన్నాడు. తెలుగు ఆయనకు రెండవ భాష కూడా కాదు. చిన్ననాట నేర్చిన అనేక భాషల తరువాత వచ్చిన భాష. తాను నేర్వడానికి పడిన శ్రమనే తరువాతివారికి దారిగా మలచిన ఆ అభ్యాసి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన నిఘంటువును గురించి చాలామంది విని ఉంటారు. ఆయన చేసిన రచనాభ్యాసాన్ని గురించి తెలిసినవారు తక్కువ. ఈ పాఠం ముఖ్యంగా ఆ అభ్యాసాన్ని గురించినది.

బాల్యం – విద్య

బ్రౌన్ 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి కలకత్తాలో ఏర్పడిన ఫోర్టు విలియం కళాశాలలో ఉన్నత పదవి నిర్వహించినవాడు. ఆయన బహుభాషావేత్త. కుమారునికి చిన్ననాటనే గ్రీకు, లాటిన్, హీబ్రూ వంటి ప్రాచీన భాషలతోపాటు పారశీక, హిందూస్తానీ భాషలలో ప్రవేశం కల్పించాడు. భాష అంటే భయపడని స్వభావం బ్రౌన్‌కు ఆ ఇంటిలోనే అలవడింది.

1812లో తండ్రి మరణించాడు. కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. బ్రౌన్ అక్కడ హెయిలీబరీలోని కంపెనీ కళాశాలలో ఉద్యోగానికి తగిన శిక్షణ పొంది, 1817లో మద్రాసు చేరాడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదవ ఏడు నడుస్తున్నది. తెలుగు అక్షరం ఒక్కటైనా తెలియదు.

మద్రాసులో 1812లో నెలకొల్పిన ఫోర్టు సెయింట్ జార్జి కళాశాల కొత్తగా వచ్చిన ఉద్యోగులకు దక్షిణదేశ భాషలను నేర్పేది. అక్కడ వెలగపూడి కోదండరామపంతులు బ్రౌన్‌కు తెలుగు గురువు. ఆనాటి విద్యార్థికి ఉన్న సాధనసామగ్రి ఎంత స్వల్పమో ఊహించండి. ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణాలు అప్పుడప్పుడే వెలువడుతున్నాయి. 1814లో విలియం కేరీ వ్యాకరణం, 1816లో ఎ.డి. క్యాంబెల్ వ్యాకరణం వచ్చాయి. క్యాంబెల్ నిఘంటువు 1821 వరకు వెలువడలేదు. చదువదగిన అచ్చు పుస్తకాలు వ్రేళ్ళపై లెక్కించదగినన్ని. పాఠం అంటే తాళపత్రం. అర్థం అంటే గురుముఖం. అటువంటి స్థితిలో మూడేండ్లు శ్రమించి 1820లో బ్రౌన్ తెలుగు పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. ప్రజల భాష తెలియని అధికారి ప్రజలను పాలింపజాలడని నమ్మిన సర్ థామస్ మన్రో ఆ ఏడే మద్రాసు గవర్నరుగా వచ్చాడు. దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా ఏడేండ్లు పనిచేసిన అనుభవం మన్రోది.

కడప కచేరిలో రెండవ పాఠశాల

1820లోనే బ్రౌన్‌ను కడప కలెక్టరుకు సహాయకునిగా నియమించారు. కళాశాలలో నేర్చిన తెలుగుకు అసలైన పరీక్ష కడప కచేరిలో ఎదురైంది.

పండితుని వద్ద చదివిన పద్యభాష ఒకటి, రైతు నోట వినిపించే మాట మరొకటి. ఈ రెండింటికీ భిన్నమైనది కరణం వ్రాత. కరణాలు లెక్కలను కడితాలపై బలపంతో వ్రాసేవారు. అక్షరానికీ అక్షరానికీ నడుమ విరామం లేక, గొలుసులో కొక్కేల వలె ఒకదానితో ఒకటి పెనవేసుకొని సాగే ఆ వ్రాతను గొలుసుకట్టు అంటారు. తెలుగువాడికే అది ఒక పట్టాన కొరుకుడుపడదు. ఆపైన జమాబందీ, దరఖాస్తు, తకరారు, కైఫియత్తు, రాజీనామా వంటి పారశీక, అరబీ పదాలు అడుగడుగునా వస్తాయి. కావ్యాలలో ఈ మాటలు కానరావు. నాటి నిఘంటువులలోనూ వీటికి చోటులేదు. కానీ ఒక రైతు భూమి అతనికి దక్కడమో దక్కకపోవడమో ఈ మాటల మీదనే ఆధారపడి ఉండేది. అర్జీలోని ఒక్క క్రియాపదాన్ని అధికారి తప్పుగా గ్రహిస్తే, ఒక కుటుంబం నోటికాడి కూడు పోయేది.

ఈ బాధ్యతే బ్రౌన్‌ను శ్రద్ధగల విద్యార్థిని చేసింది. పరీక్ష ముగిసినంత మాత్రాన చదువు ముగియలేదని ఆయన గ్రహించాడు. కచేరికి వచ్చే అర్జీలు, సాక్షుల వాఙ్మూలాలు, ఉత్తరాలు ఆయనకు నిత్యపాఠాలయ్యాయి. కడపలోనే ఆయన తన ఖర్చుతో ఉచిత పాఠశాలలను ఏర్పాటు చేసి, బాలురకు తెలుగు, హిందూస్తానీ నేర్పించాడు. మచిలీపట్నానికి బదిలీ అయినప్పుడు అక్కడ కూడా ఆ పని కొనసాగించాడు. ఒకవైపు నేర్చుకుంటూనే మరొకవైపు నేర్పించడం ఆయన జీవితాంతం విడువని పద్ధతి.

వేమన చూపిన దారి

1824 ప్రాంతంలో బ్రౌన్ దృష్టి తెలుగు సాహిత్యం వైపు మళ్ళింది. అందుకు కారణం అబ్బే దుబాయ్ అనే ఫ్రెంచి మతగురువు వ్రాసిన గ్రంథం. హిందువుల ఆచారవ్యవహారాలను గురించిన ఆ పుస్తకంలో వేమన ప్రస్తావన ఉంది. దానిని చదివి బ్రౌన్ వేమన పద్యాల వ్రాతప్రతులను సేకరించడం ప్రారంభించాడు. ఆనాటి పండితులు పలువురు వేమనను కవిగా లెక్కించేవారు కారు. కాని పొలం గట్టున, అరుగు మీద, సంతలో ఆ పద్యాలు జనుల నాలుకలపై ఆడుతుండేవి. పండితులు పక్కన పెట్టిన కవిని పరదేశి అక్కున చేర్చుకున్నాడు.

పద్యాలను అర్థం చేసుకోవాలంటే ఛందస్సు తెలియాలి. వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితుల వద్ద బ్రౌన్ పట్టుదలతో ఛందస్సు అభ్యసించాడు. తాను తెలిసికొన్న విషయాన్ని ఇతరులకు తెలిసేటట్లు వ్రాయడం ఆయన అభ్యాసంలోని ప్రధానసూత్రం. అందువల్లనే 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సులను వివరించే పుస్తకాన్ని ఇంగ్లీషులో ప్రకటించాడు. 1829లో 693 వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాడు. పదేండ్ల తరువాత, 1839లో, 1,164 పద్యాలతో రెండవ కూర్పు వెలువరించాడు. మొదటి కూర్పుతో తృప్తిపడి ఆగిపోకపోవడం గమనింపదగినది. ఒకసారి వ్రాసినదానిని మళ్ళీ చదివి, దిద్ది, పెంచి వ్రాయడం ఆయనకు అలవాటు.

కడప బంగళా

మచిలీపట్నం, రాజమహేంద్రవరాలలో పనిచేసిన తరువాత బ్రౌన్ తిరిగి కడపకు వచ్చాడు. అక్కడ ఒక బంగళాను కొని, అందులో పండితులనూ లేఖకులనూ చేర్చి, సొంత జీతం నుండి వారికి వేతనాలు ఇచ్చాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనులను పర్యవేక్షించేవాడు. ఊరివారు ఆ ఇంటిని బ్రౌన్ కాలేజీ అని పిలిచేవారు.

అక్కడ జరిగిన పని ఎట్టిదో తెలిసికొంటే, వ్రాత పట్ల బ్రౌన్‌కు గల నిష్ఠ అర్థమవుతుంది. ఒకే గ్రంథానికి వేరువేరు ఊళ్ళ నుండి అనేక ప్రతులను తెప్పించేవారు. ఏ ప్రతిలో ఏ మాట ఉన్నదో పోల్చి చూసేవారు. ఏ పాఠం సమంజసమో పండితులు చర్చించేవారు. నిర్ణయించిన పాఠాన్ని లేఖకులు శుద్ధప్రతిగా వ్రాసేవారు. కఠినమైన కావ్యాలకు సులభమైన తెలుగులో టీకలు వ్రాయించారు. జూలూరి అప్పయ్య వంటి విద్వాంసులు ఈ కృషిలో బ్రౌన్‌కు కుడిభుజంగా నిలిచారు. ఇట్లా పురుగులకు, చెదలకు ఆహారం కావలసిన ఎన్నో తాళపత్రాలలోని సాహిత్యం కాగితం మీదికి ఎక్కింది. వసుచరిత్ర, మనుచరిత్ర వంటి ప్రబంధాల పరిష్కృత ముద్రణలకు ఈ శ్రమే పునాది.

ఈ పనికి కంపెనీ జీతం చాలలేదు. బ్రౌన్ అప్పులు చేశాడు. అప్పు చేసి మేడలు కట్టినవారిని లోకం ఎరుగును. అప్పు చేసి తాళపత్రాలకు నకళ్ళు వ్రాయించినవాడు అరుదు.

ఒక్క మాట బరువు

1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను ఘోరమైన క్షామం పట్టి పీడించింది. జనం దానిని డొక్కల కరువు అన్నారు. ఆ సమయంలో బ్రౌన్ గుంటూరులో అధికారిగా ఉన్నాడు. అక్కడి స్థితిని పైఅధికారులకు నివేదిస్తూ ఆయన కరువు అన్న మాట వాడాడనీ, దాని బదులు కొరత అని వ్రాయడం మేలని పైవారు సూచించారనీ, ఆయన ఆ సూచనను అంగీకరించలేదనీ జీవితచరిత్రకారులు చెబుతారు.

ఈ చిన్న సంఘటన వ్రాతను గురించి పెద్ద పాఠం నేర్పుతుంది. కొరత అంటే సరుకు తగ్గడం. కరువు అంటే మనిషి రాలిపోవడం. తన కళ్ళ ఎదుట మనుషులు రాలిపోతూ ఉంటే, ధాన్యం తగ్గిందని వ్రాయడం అసత్యమే అవుతుంది. పర్యాయపదాలుగా కనిపించే రెండు మాటలలో ఏది నిజానికి దగ్గరో ఎంచుకోవడమే రచయిత ధర్మం. కరువు నేలమీద పుట్టిపెరిగిన రాయలసీమ విద్యార్థికి ఈ భేదాన్ని వేరుగా వివరింప పనిలేదు.

లండను నుండి మద్రాసుకు

1835లో బ్రౌన్ ఇంగ్లండుకు వెళ్ళాడు. అక్కడా ఆయన ఊరకుండలేదు. లండనులోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణదేశ వ్రాతప్రతులను చూసి, అవి మద్రాసు చేరడానికి కారకుడయ్యాడు. తిరిగి వచ్చిన తరువాత మద్రాసులో పారశీక భాషానువాదకుడుగా పనిచేశాడు. తాను సేకరించిన గ్రంథాలను మద్రాసు సాహిత్య సంఘానికి అప్పగించాడు. నేడు మద్రాసులోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్న తెలుగు సంపదలో అవి ముఖ్యభాగం.

1840లో బ్రౌన్ తెలుగు వ్యాకరణం వెలువడింది. పాండిత్యప్రదర్శన కంటె, చదువరి మాట్లాడవలసిన, వ్రాయవలసిన భాషకు ఆ గ్రంథంలో ఆయన ప్రాధాన్యం ఇచ్చాడు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ప్రకటితమైంది. కవుల ప్రయోగాలతోపాటు జనవ్యవహారంలోని మాటలకు కూడా ఆయన అందులో చోటు కల్పించాడు. దంత్య చకార, జకారాలను తాలవ్యాల నుండి వేరుచేసి చూపడానికి ప్రత్యేక చిహ్నాలను ప్రవేశపెట్టాడు. కచేరి భాషలోని మాటలను వివరిస్తూ జిల్లా నిఘంటువును, అన్యదేశ్యాలను వివరిస్తూ మిశ్రభాషా నిఘంటువును వేరుగా కూర్చాడు. కడప కచేరిలో తాను తడబడిన మాటలు వెనుకవచ్చేవారికి అడ్డుకాకూడదని ఆయన తలపు.

ఉత్తరాల వాచకం

బ్రౌన్ గ్రంథాలలో మన పాఠానికి అన్నిటికంటె ముఖ్యమైనది ఆయన తెలుగు వాచకం. ఇది కూడా 1852 నాటిదే. వాచకం అనగానే నీతిశ్లోకాలు, పురాణకథలు మనకు గుర్తుకు వస్తాయి. ఈ వాచకంలో ఉన్నవి ఉత్తరాలు. ఇంటి సంగతులు తెలిపే ఉత్తరాలు, వ్యాపార వ్యవహారాల ఉత్తరాలు, పోలీసు వ్యవహారాలు, రెవిన్యూ వ్యవహారాలు – వీటినే ఆయన పాఠాలుగా ఎంచుకున్నాడు. ప్రతి ఉత్తరానికీ ఇంగ్లీషు అనువాదం, వ్యాకరణ వివరణలు, చివర చిన్న పదకోశం చేర్చాడు. ఆ కాలంలో ఆయన తపాలా శాఖకు అధిపతిగా కూడా ఉండేవాడు. పగలు రాజధాని ఉత్తరాలను గమ్యం చేర్చే పని, తక్కిన వేళ ఉత్తరాలతో భాష నేర్పే పని. రెండూ ఒకే మనిషి చేతిమీదుగా సాగాయి.

ఉత్తరాన్నే ఎందుకు పాఠంగా తీసుకోవాలి? కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. ఉత్తరం చిన్నది. ఒక కూర్చులో పూర్తవుతుంది. దానికి వ్రాసేవాడు ఉన్నాడు, చదివేవాడు ఉన్నాడు, వ్రాయవలసిన అవసరం ఉంది. తండ్రికి వ్రాసేటప్పుడు వాడే మర్యాద వేరు, బాకీదారుకు వ్రాసేటప్పుడు వాడే కాఠిన్యం వేరు, అధికారికి విన్నవించుకునేటప్పుడు వాడే వినయం వేరు. వ్యాకరణసూత్రం వందసార్లు చెప్పినా పట్టుబడని ఈ తారతమ్యం నాలుగు ఉత్తరాలు చదివి, నాలుగు ఉత్తరాలు వ్రాస్తే పట్టుబడుతుంది.

బ్రౌన్ దైనందిన వ్యవహారంతోనే ఆగలేదు. 1853లో అనంతపురం పాలకుల చరిత్రను రాజుల యుద్ధములు అన్న పేరుతో ప్రకటించాడు. ఏ మహాకవీ కూర్చిన ప్రబంధం కాదది. రాయలసీమ పలుకుబడిలో నడిచిన సాదా వచనం. 1855లో తాతాచార్యుల కథలను వెలువరించాడు. ఇవి వినోదకథలు. ఊహకూ హాస్యానికీ వీటిలో పెద్దపీట. ఇట్లా ఉత్తరం, చరిత్ర, కథ అనే మూడు మెట్లు విద్యార్థి ముందు నిలిచాయి. చూసినదానిని చెప్పడం మొదటిది. జరిగినదానిని వరుసపెట్టడం రెండవది. ఊహించినదానిని నమ్మించడం మూడవది. రచన నేర్వదలచినవారికి నేటికీ ఇంతకంటె మంచి మెట్లు లేవు.

గుణదోషాలు

మహనీయుల జీవితాన్ని చదివేటప్పుడు వారి పరిమితులను కూడా గుర్తించాలి. బ్రౌన్ కంపెనీ ఉద్యోగి. పన్నులు వసూలు చేసే ప్రభుత్వానికి ప్రజల భాష తెలిసిన అధికారుల అవసరం ఉన్నందువల్లనే ఆయన తెలుగు నేర్చాడు. తెలుగు సాహిత్యం ఆరిపోతూ ఉన్న దీపమనీ, తాను దానిని నిలబెట్టాననీ ఆయన భావించాడు. అందులో కొంత నిజం ఉన్నా, ఆ దీపాన్ని అంతవరకు గ్రామాలలో కాపాడినవారు పేరు తెలియని పండితులు, లేఖకులు, గాయకులు. వారి సహాయం లేనిదే బ్రౌన్ ఒక్క పుటనైనా పరిష్కరించలేకపోయేవాడు. కొందరు కవుల పట్ల ఆయన చేసిన విమర్శలు కటువైనవి. అయితే తాను ఉద్యోగధర్మంగా చేపట్టిన పనిని ఉద్యోగానికి అవసరమైన మేరను దాటి, సంపాదనను వెచ్చించి, ఆయుర్దాయమంతా కొనసాగించడం ఆయన గొప్పతనం. అవసరం కొద్దీ మొదలైన చదువు ప్రేమగా మారింది.

బ్రౌన్ చూపిన మార్గం బడులలో వెంటనే నిలవలేదు. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడింది. దాని గ్రాంథిక సౌందర్యం పండితులను ఆకర్షించింది. ఆ శైలియే పాఠశాలలకు ఆదర్శమైంది. పిల్లలు ఒక భాషలో మాట్లాడి, మరొక భాషలో వ్రాయవలసివచ్చింది. అర్ధశతాబ్దం గడిచాక గిడుగు వెంకట రామమూర్తి వ్యావహారిక భాషకోసం ఉద్యమించినప్పుడు, పాఠశాలలలోని వ్యాసరచన ఏ భాషలో సాగాలన్నదే వాదానికి ముఖ్యాంశాలలో ఒకటైంది. నోటి భాషకూ వ్రాత భాషకూ నడుమ గోడ ఉండకూడదన్న ఆయన వాదం కాలక్రమాన నెగ్గింది. నేడు మీరు వ్యవహారానికి దగ్గరైన తెలుగులో సమాధానాలు వ్రాయగలుగుతున్నారంటే దాని వెనుక ఈ చరిత్ర అంతా ఉంది.

చివరి దినాలు

1855లో బ్రౌన్ భారతదేశాన్ని విడిచి లండను చేరాడు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యునిగా నియమితుడయ్యాడు. తన గ్రంథాలను తిరిగి తిరిగి దిద్దుకోవడం, తన సాహిత్యజీవితాన్ని గురించి వ్రాసుకోవడం ఆయన వార్ధక్యంలోని వ్యాసంగాలు. అవివాహితుడుగానే జీవించి, 1884 డిసెంబరు 12వ తేదీన 86 ఏండ్ల వయసులో లండనులో కన్నుమూశాడు. ఆయన నిఘంటువు 1903లో కందుకూరి వీరేశలింగం మొదలైనవారి సంస్కరణతో మళ్ళీ వెలువడి నేటికీ వాడుకలో ఉంది.

కడపలోని బంగళా కాలక్రమాన శిథిలమైంది. 1970లలో బంగోరె అన్న పేరుతో ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి బ్రౌన్ ఉత్తరాలను వెదకి వెలికితీశాడు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి దీక్షతో బ్రౌన్ నివసించిన స్థలంలోనే ఆయన పేరిట గ్రంథాలయం వెలసింది. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో భాషాపరిశోధన కేంద్రంగా ఉంది. వేమనను వెదకిన బ్రౌన్ పేరిట వెలసిన గ్రంథాలయం వేమన పేరు గల విశ్వవిద్యాలయం నీడన నిలవడం సముచితం.

విద్యార్థులారా! బేతంచెర్ల గనులలో నాపరాయిని మీరు చూసి ఉంటారు. గని నుండి తీసినప్పుడు అది గరుకుగా, మన్ను అంటుకొని ఉంటుంది. కోసి, అరగదీసి, నీరు పోసి, మళ్ళీ అరగదీస్తే తప్ప అందులోని నునుపు బయటపడదు. మొదటిసారి వ్రాసిన వాక్యం కూడా అటువంటిదే. అది గరుకుగా ఉన్నదని సిగ్గుపడవలసిన పనిలేదు. దిద్దకుండా విడిచిపెట్టడమే తప్పు. రోజుకు పది పంక్తులు వ్రాయండి. ఎదుట ఉన్నదానిని గురించి వ్రాయండి. మరునాడు దానిని మీరే చదివి దిద్దండి. తెలుగు తెలియని యువకుడు తెలుగుకు నిఘంటువు కూర్చగలిగాడు. తెలుగు నేలపై పుట్టిన మీకు పది పంక్తులు అసాధ్యం కావు.

కఠిన పదాలు – అర్థాలు

కచేరి : ప్రభుత్వ కార్యాలయం
కడితం : మసిపూసిన గుడ్డతో చేసిన, మడతలు గల లెక్కల పుస్తకం
బలపం : పలక మీదను, కడితం మీదను వ్రాయడానికి వాడే మెత్తని రాయి
గొలుసుకట్టు : అక్షరాలను కలిపి వ్రాసే పద్ధతి
తకరారు : వివాదం
వాఙ్మూలం : నోటితో చెప్పగా వ్రాసుకున్న సాక్ష్యం
టీక : పదాలకు అర్థం తెలిపే వ్యాఖ్య
శుద్ధప్రతి : తప్పులు దిద్ది తిరిగి వ్రాసిన ప్రతి
దత్తమండలాలు : 1800లో నిజాం కంపెనీకి అప్పగించిన రాయలసీమ ప్రాంతాలు
తారతమ్యం : హెచ్చుతగ్గుల భేదం

ప్రశ్నలు

1. కళాశాలలో నేర్చిన తెలుగుకూ కడప కచేరిలో ఎదురైన తెలుగుకూ గల భేదాన్ని వివరించండి.
2. కడప బంగళాలో గ్రంథపరిష్కరణ ఏ విధంగా జరిగేది?
3. కరువు, కొరత అన్న పదాల భేదాన్ని ఆధారం చేసుకొని, పదాల ఎంపికలో రచయిత బాధ్యతను చర్చించండి.
4. ఉత్తరాన్ని పాఠంగా ఎంచుకోవడంలోని ఔచిత్యాన్ని తెలపండి.

రచనాభ్యాసాలు

ఒక్కొక్క అభ్యాసాన్ని పది నుండి పదిహేను పంక్తులలో వ్రాయండి. మరునాడు దిద్ది, శుద్ధప్రతి సిద్ధం చేయండి.

1. మీ వీధికి మూడు రోజులుగా తాగునీరు రాలేదు. పంచాయతీ కార్యదర్శికి అర్జీ వ్రాయండి. అదే సంగతిని పొరుగూరిలో ఉన్న మీ అక్కకు ఉత్తరంగా వ్రాయండి. రెండింటిలో మారిన మాటలను గుర్తించండి.
2. నాపరాళ్ళ పరిశ్రమలో ఒక పనివాని ఉదయాన్ని వర్ణించండి. మీరు కంటితో చూసినవి, చెవితో విన్నవి మాత్రమే వ్రాయండి.
3. మీ అవ్వ గాని తాత గాని చెప్పిన కరువునాటి ముచ్చటను వారి పలుకుబడి చెడకుండా వ్రాయండి.
4. మీ ఇంట వాడే పది రాయలసీమ మాటలను సేకరించి, బ్రౌన్ వలె ఒక్కొక్కదానికి అర్థం, ఒక వాక్యప్రయోగం ఇవ్వండి.
5. బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహ మాట్లాడగలిగితే తనను చూడవచ్చినవారితో ఏమి చెబుతుందో ఊహించి వ్రాయండి.
6. చెదలు పట్టబోతున్న ఒక తాళపత్రం తన ఆత్మకథను చెప్పుకుంటున్నట్లు వ్రాయండి.